షెడ్డులో సముద్రం

జనవరి 6, సోమవారం

తొట్టికి పలకలు అతికించడం అయిపోయింది. పన్నెండడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు. షెడ్డులో ఇక సైకిలు పెట్టడానికి కూడా చోటు లేదు. ఉప్పు మేష్టారు వచ్చి చుట్టూ నాలుగుసార్లు తిరిగి, అతుకులన్నీ వేలితో తడిమి, "గట్టిగానే కట్టావయ్యా" అన్నారు. ముప్పై ఏళ్ళు బళ్ళో సైన్సు చెప్పి, రిటైరయ్యాక సముద్రపు చేపలు అమ్ముతున్న మనిషి. ఆయన నోట మెప్పు రావడమంటే మాటలు కాదు.

మా అమ్మాయి ఉడత వాళ్ళమ్మకి మార్చి చివర్లో బదిలీ. రైల్లో తొమ్మిది గంటల దూరం. మొన్న ఫోన్లో చెప్పింది. "పిల్ల నాతో వస్తానంటే తీసుకెళ్తా. నీ దగ్గరుంటానంటే ఉంటుంది. దానిష్టం. మనిద్దరం దాన్ని లాగొద్దు" అంది. సరే అన్నాను.

నేనేం లాగడం లేదు. సొరచేపలు పెంచాలని నాకు ఎప్పట్నుంచో ఉంది.

జనవరి 12, ఆదివారం

ఉడత వచ్చింది. వాళ్ళమ్మ వేరే ఇంటికి వెళ్ళిన ఈ ఎనిమిది నెలల్లో నాకు మిగిలినవి ఆదివారాలే. ఖాళీ తొట్టి చూసి చెప్పులు విడిచి లోపలికి దూకింది. అడుగున వెల్లకిలా పడుకుని చేతులు చాపింది. పన్నెండేళ్ళొచ్చినా ఉడత ఉడతే.

"ఇందులో ఏం పెడతావు నాన్నా?"

"సొరచేపలు."

"అబద్ధం!"

"చిన్నవేలే. మూడడుగులకి మించి పెరగవు. ఒక టేకు చేప కూడా. పళ్ళెంలా బల్లపరుపుగా ఉంటుంది, చేత్తో పెడితే వచ్చి తింటుంది."

లేచి కూర్చుని నా ముఖంలోకి చూసింది. నేను వేళాకోళం ఆడుతున్నానా లేదా అని చూస్తోంది. తర్వాత నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో.

జనవరి 19, ఆదివారం

ఐదువేల లీటర్ల నీళ్ళు, నూట ఎనభై కిలోల ఉప్పు. పొద్దున్నించీ ఇద్దరం చెరో పక్క నిలబడి కలిపాం. పక్కింటాయన గోడమీంచి తొంగిచూసి ఏం చేస్తున్నారని అడిగాడు. "సముద్రం" అంది ఉడత. ఆయన ఇంకేం అడగలేదు.

జనవరి 27, సోమవారం

మేష్టారి లెక్క ప్రకారం నీళ్ళు పండాలి. తొట్టిలో పచ్చి రొయ్యముక్క వేసి కుళ్ళనివ్వాలి. అందులోంచి విషం పుడుతుంది, ఆ విషాన్ని తినే సూక్ష్మజీవులు ఇసుకలో పుడతాయి. అవి పెరగకముందే చేపని దించితే చస్తుంది. ఐదు వారాలు పడుతుందట. మందు వేసి తొందర చెయ్యలేమా అంటే, "నువ్వు బాగుచేసే లిఫ్టు కాదయ్యా, బటన్ నొక్కితే రావడానికి" అన్నారు.

షెడ్డంతా కంపు.

ఫిబ్రవరి 4

పండలేదు.

ఫిబ్రవరి 9, ఆదివారం

తొట్టిమీద లైట్లు బిగించాం. ఉడతకి వైరింగ్ నేర్పాను. పట్టుకారు పట్టుకోవడంలో నా పోలికే. కరెంటు ఉందేమోనని అనుమానమున్నచోట ఒక చెయ్యి వీపు వెనక పెట్టుకోవాలని చెప్పాను. రెండు చేతులూ పెడితే కరెంటు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి గుండెమీదుగా పోతుంది. కాళ్ళకి రబ్బరుండాలి. ఇరవైరెండేళ్ళుగా లిఫ్టులు బాగుచేస్తూ బతికున్నానంటే ఈ రెండింటివల్లే. శ్రద్ధగా విన్నది.

ఫిబ్రవరి 16

ఇంకా పండలేదు. మార్చి దగ్గర పడుతోంది.

ఫిబ్రవరి 23, ఆదివారం

దించాం! రెండు సొరచేపలు, ఒక టేకు చేప. సొరలు మూరెడేసి ఉన్నాయి, ఒంటినిండా చారలు. సంచీలోంచి జారి ఇసుకమీద కాసేపు పడుకుని, తర్వాత తొట్టి ఈ చివరనించి ఆ చివరకి కొలిచినట్టు తిరిగాయి. ఉడత ఊపిరి తీసుకోవడం మర్చిపోయి చూసింది.

టేకు చేప తోకలో ముల్లుంది, తోకవైపు చెయ్యి పోకూడదు. అరచెయ్యి చదునుగా పెట్టి దానిమీద రొయ్య ఉంచితే, అది వచ్చి చేతిమీద పరుచుకుని కింద ఉన్న నోటితో పీల్చుకుంటుంది. మేష్టారు చూపించారు. ఉడత మొదటిసారికే పెట్టేసింది. "మెత్తగా ఉంది నాన్నా" అని ఇల్లెగిరిపోయేలా అరిచింది.

ఫిబ్రవరి 26, బుధవారం

పనినుంచి వచ్చేసరికి షెడ్డులో మోటారు చప్పుడు లేదు. ట్రిప్ స్విచ్ పడిపోయి ఉంది. ఎక్కడైనా కరెంటు లీకైతే టప్పున పడిపోయి మనిషిని కాపాడే స్విచ్ అది, నేనే బిగించాను. ఎన్ని గంటలయిందో ఏమో, నీళ్ళు కదలక సొరచేపలు ఇసుకమీద పడి మొప్పలు ఎగరేస్తున్నాయి. స్విచ్ పైకెత్తాను. నిలబడింది. అవి తేరుకునేదాకా పక్కనే కూర్చున్నాను.

ఫిబ్రవరి 28

మళ్ళీ పడింది.

మార్చి 1, శనివారం

మూడోసారి. మధ్యాహ్నం తిండికని ఇంటికొచ్చాను కాబట్టి సరిపోయింది, లేకపోతే సాయంత్రానికి మూడూ పోయేవి.

ఉప్పు గాలికి స్విచ్చే పాడైనట్టుంది. మోటారు కొత్తది, దానికేం రోగం. రేపు ఆదివారం. ఉడతకి చచ్చిన చేపలు చూపించలేను. ఒక వైరు ముక్క వేసి స్విచ్‌తో పని లేకుండా చేశాను. ఇక పడదు. తాత్కాలికమే. లిఫ్టు పరీక్షించేటప్పుడు రెండు నిమిషాలపాటు మేమూ ఇలాగే చేస్తాం.

మార్చి 2, ఆదివారం

బ్రహ్మాండమైన రోజు. టేకు చేప ఉడత చేతిమీద మూడుసార్లు తిన్నది. వెళ్ళేముందు గేటు దగ్గర నిలబడి, "రోజూ ఇలా ఉంటే ఎంత బావుంటుంది" అంది. నేను విననట్టు గేటుకి గడియ వేశాను. లాగకూడదు కదా.

లోపలికొచ్చి ఒక్కణ్ణే ఈల వేశాను.

మార్చి 3, సోమవారం

ఎనిమిదంతస్తుల బిల్డింగులో లిఫ్టు తలుపు స్విచ్‌కి సూపర్‌వైజరు వైరు ముక్క వేసి ఉంచాడు. లిఫ్టు మాటిమాటికీ ఆగిపోతోందని జనం తిడుతున్నారట. ఒళ్ళు మండింది. "తలుపు తెరిచుండగా లిఫ్టు కదిలితే ఎవరి పిల్ల కాలు పోతుందో తెలుసా?" అని నలుగురిలో కడిగేశాను. "ఒక్కరోజే సార్, రేపు తీసేద్దామనుకున్నా" అన్నాడు. ఈ ఉద్యోగంలో ఎన్ని రేపులు విన్నానో.

సాయంత్రం సొరచేపలు సగమే తిన్నాయి.

మార్చి 4

వైరు ముక్క రేపు తీసేయాలి.

మార్చి 6, గురువారం

ఇసుక సర్దుతుంటే చూపుడువేలు జివ్వుమంది. నిన్న పనిలో కోసుకున్న చోట. ఉప్పునీళ్ళు తగిలితే మండుతుంది మరి.

మార్చి 7

ఉప్పు మంటే.

మార్చి 9, ఆదివారం

సొరచేపలు రెండూ ఎడమవైపు మూలలో ఒకదానిమీద ఒకటి పడుకున్నాయి. మేత వేసినా రాలేదు. కొత్త చోటు బెంగేమో. టేకు చేప మాత్రం తిన్నది.

ఉడత కొత్త రబ్బరు చెప్పులు తెచ్చుకుంది. షెడ్డులోకి వచ్చేముందు వేసుకుంటోంది. బళ్ళో అందరికీ అవే ఉన్నాయేమో. ఈమధ్య కాస్త నెమ్మదించింది కూడా. టేకు చేపకి పెట్టేటప్పుడు అరుపులూ కేకలూ లేవు. పెద్దదవుతోంది.

వచ్చే ఆదివారం తన నిర్ణయం చెబుతానంది.

మార్చి 12, బుధవారం

ఉప్పు మేష్టారు వచ్చారు. పరీక్ష గొట్టాల్లో నీళ్ళు పట్టి, రంగులు చూసి, "నీళ్ళు బంగారంలా ఉన్నాయే" అన్నారు. మూలలో ఉన్న సొరచేపల్ని చాలాసేపు చూశారు.

"సొరచేప మూతినిండా సన్నని రంధ్రాలుంటాయి నాయనా. ఇసుక కింద దాక్కున్న ప్రాణి గుండె కొట్టుకుంటే పుట్టే కాస్త కరెంటునీ వాటితో పసిగడుతుంది. ఆ మోటారేమైనా లీకవుతోందా? స్విచ్ గానీ పడిపోతోందా?"

"లేదు మేష్టారూ" అన్నాను.

నిజమే. ఇప్పుడు పడడం లేదు.

ఆయన నన్నోసారి చూసి, గొట్టాలు కడుక్కుని వెళ్ళిపోయారు. కరెంటు కొలిచే మీటరు నా పని సంచీలోనే ఉంది. సంచీ షెడ్డు గుమ్మం దగ్గరే ఉంది.

మార్చి 13

ఇవాళ రెండు బిల్డింగులు, తీరిక లేదు.

మార్చి 14

మీటరు పెట్టి చూడాలి.

మార్చి 15, శనివారం

చూశాను.

ఆ అంకె ఇక్కడ రాయను.

మోటారు సీలు లోపల చిట్లింది. కొత్తది మంగళవారానికి తెప్పిస్తానన్నాడు షాపువాడు. ఇప్పుడు ఆపితే మంగళవారం దాకా చేపలు బతకవు. పైగా రేపు ఆదివారం. తొట్టి ఆగిపోయి, చేపలు తేలుతూ ఉండగా, రేపే ఆ పిల్ల నిర్ణయం చెప్పాలి.

కాబట్టి రేపు ఒక్కరోజు చెయ్యి పెట్టనివ్వను. పొడుగు చెక్కకి గుచ్చి తినిపిస్తాం. నేను పక్కనే ఉంటాను. ఒక్కరోజే.

మార్చి 16, ఆదివారం

రాయలేను.

మార్చి 17, సోమవారం

సెలవు పెట్టాను. రాస్తాను.

నిన్న ఉడత రాగానే, టేకు చేపకి ఒంట్లో బాగాలేదు, చేత్తో తాకొద్దు, చెక్కతో పెడదాం అన్నాను. సరేనంది. గేటు దగ్గర ఎవరో పిలిచారు. గ్యాసు బండ తెచ్చినవాడు. సంతకం పెట్టి రావడానికి ఎంతసేపు, రెండు నిమిషాలు.

తిరిగొచ్చేసరికి తొట్టి మీదికి వంగి ఉంది. కుడిచెయ్యి మోచేతిదాకా నీళ్ళలో ఉంది. అరిచాను. మెయిన్ కొట్టేశాను. మోటారు ఆగింది, లైట్లు పోయాయి.

ఉడత నింపాదిగా చెయ్యి బయటికి తీసి గౌనుకి తుడుచుకుంది. అప్పుడు చూశాను. ప్లాస్టిక్ స్టూలు మీద నిలబడి ఉంది. కాళ్ళకి రబ్బరు చెప్పులు. ఎడమచెయ్యి వీపు వెనక ఉంది.

"భయపడకు నాన్నా. నాకు తెలుసు" అంది.

"ఏం తెలుసే?"

"నీళ్ళలో కరెంటుంది. రెండో వారమే జివ్వుమంది. అందుకే చెప్పులు కొనుక్కున్నా. నువ్వు చెప్పినట్టే ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుంటున్నా. ఏం కాలేదుగా."

"నాకెందుకు చెప్పలేదు?"

నేల చూపులు చూసింది. "చెప్తే నువ్వు బాధపడతావు. ఇంత కష్టపడి కట్టావు కదా. చేపల్ని ఇచ్చేస్తావు. అమ్మకి తెలిస్తే ఇంక రానివ్వదు."

నేలమీద కూలబడ్డాను. నన్ను ఓదార్చడానికి పక్కనే చేరింది. అది నన్ను ఓదార్చడానికి! నా భుజం తట్టి, "అమ్మకి రాత్రే చెప్పేశాను నాన్నా, నీ దగ్గరే ఉంటానని. సరేనంది. కొంచెం ఏడ్చింది, అంతే. ఇది మాత్రం అమ్మకి చెప్పొద్దు. చెప్పవు కదా?" అంది.

"చెప్పను" అన్నాను.

మూడు నెలలుగా నేను కోరుకున్నది అదే. అదే దొరికింది.

మార్చి 18, మంగళవారం

కొత్త మోటారు బిగించాను. వైరు ముక్క పీకేశాను. స్విచ్‌ని పదిసార్లు పరీక్షించాను, పదిసార్లూ పడింది. అది పాడవలేదు. మొదటినుంచీ బాగానే ఉంది. ఈ రెండు రోజులూ బ్యాటరీ పంపు పెట్టి, చేత్తో నీళ్ళు తిప్పి చేపల్ని నిలబెట్టాను. అంటే శనివారమే ఆపి ఉండొచ్చు.

సాయంత్రానికి సొరచేపలు మూల వదిలి తిరిగాయి. తిన్నాయి.

మార్చి 19

అంతా సరైంది. ఇంక చెప్పడానికేముంది? పిల్లకి మాటిచ్చాను. మాటంటే మాటే.

మార్చి 20, గురువారం

పన్నెండేళ్ళ పిల్ల. దాని సొంత డబ్బులతో చెప్పులు కొనుక్కుంది.

మార్చి 21, శుక్రవారం

తిండి సయించడం లేదు.

నేను బాధపడతానని అది మూడు వారాలు కరెంటు నీళ్ళలో చెయ్యి పెట్టింది. ఈ ఇంట్లోకి వస్తే ఇంకా ఏమేం ఓర్చుకుంటుంది? నా ముఖం చూసి మాట్లాడుతుంది. పంటి నొప్పొస్తే చెప్పదు. బళ్ళో ఎవడైనా ఏడిపిస్తే చెప్పదు. నాన్న బాధపడతాడు. మోటారు పాడైతే మారుస్తాను. దీన్ని ఏం మార్చి బాగుచెయ్యను? నాకు నామీదే అసహ్యం వేస్తోంది. ఈ వాక్యం రాయడానికి ఇన్ని రోజులు పట్టింది.

వాళ్ళమ్మ వెళ్ళిపోయేనాడు ఒక మాటంది. "నువ్వు అబద్ధాలాడే మనిషివి కాదు. నిజం రేపు చెబుదాంలే అనుకునే మనిషివి." అప్పుడు కోపమొచ్చింది.

మార్చి 22, శనివారం

వెళ్ళాను. ఇల్లంతా అట్టపెట్టెలు. ఉడత ట్యూషన్‌కి వెళ్ళింది. వాళ్ళమ్మ నేలమీద కూర్చుని బట్టలు సర్దుతోంది. నన్ను చూసి ఓ పెద్ద సంచీ ముందుకి జరిపింది.

"దాని బట్టలు ఇందులో పెట్టాను. చలికి స్వెట్టరు వేసుకోదు, నువ్వే గుర్తు చెయ్యాలి. దగ్గు మందు పక్క జేబులో ఉంది. రాత్రి జడ విప్పుకుని పడుకుంటే చిక్కులు పడుతుంది, చూసుకో."

కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నాకు కనపడకూడదని తల వంచుకునే మాట్లాడింది. తర్వాత చెప్పేశాను. స్విచ్, వైరు ముక్క, మేష్టారితో ఆడిన అబద్ధం, మీటరు, చెప్పులు, వీపు వెనక చెయ్యి. ఏదీ దాచలేదు. మీటరులో వచ్చిన అంకె కూడా చెప్పాను.

ఆమె చేతిలో స్వెట్టరు అలాగే ఉండిపోయింది.

"శనివారం చూశావు. ఆదివారం నడిపావు."

"నడిపాను."

"ఎందుకు?"

"ఆదివారం కదా. అది వస్తుంది కదా."

తిడుతుందనుకున్నాను. కొడుతుందేమో అని కూడా అనుకున్నాను, కొడితే బావుండేది. సంచీ తనవైపు లాక్కుని, ఉడత బట్టలు ఒక్కొక్కటే తీసి తన పెట్టెలో పెట్టుకోవడం మొదలుపెట్టింది. గౌన్లు, బడి బట్టలు, మేజోళ్ళు. సంచీ ఖాళీ అయ్యేదాకా నేను అక్కడే నిలబడ్డాను.

అప్పుడే ఉడత వచ్చింది. పెట్టెనీ సంచీనీ చూసి, నన్ను చూసింది. క్షణంలో అర్థమైపోయింది దానికి.

"చెప్పనన్నావు కదా!"

"చెప్పాలమ్మా..."

"చెప్పనన్నావు! నేనెంత జాగ్రత్తగా ఉన్నానో అది చెప్పావా? ఒక్కసారైనా రెండు చేతులూ పెట్టానా? నీకోసమే కదా నేను..." పుస్తకాల సంచీ నామీదికి విసిరేసి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

తలుపు దగ్గర నిలబడి, "నువ్వు జాగ్రత్తగా ఉన్నావమ్మా. నేనే లేను. అది నువ్వు మొయ్యాల్సింది కాదు" అన్నాను. వాళ్ళమ్మ నన్ను వెళ్ళమని సైగ చేసింది.

మార్చి 25

మేష్టారికీ చెప్పాను. "నా దగ్గర బుకాయించావు సరే, ఆ సొరచేపలు నోరున్నవైతే, నీకమ్మిన నన్నేమని అడిగేవయ్యా?" అన్నారు. ఇక నుంచి బుధవారం బుధవారం మీటరు పట్టుకుని తనే వస్తారట. రమ్మన్నాను.

మార్చి 30, ఆదివారం

రైలు వెళ్ళిపోయింది. స్టేషనుకి వెళ్ళాను. ఉడత కిటికీ పక్కన కూర్చుని అవతలివైపే చూసింది.

ఏప్రిల్ 6, ఆదివారం

మూడుసార్లు ఫోన్ చేశాను. వాళ్ళమ్మే ఎత్తింది. "ఫోను దగ్గరికి రానంటోంది" అంది. గొంతులో విసుగు లేదు.

ఏప్రిల్ 13, ఆదివారం

పది గంటలకి ఫోన్ మోగింది. ఉడతే.

"నాన్నా, ఒకటి చెప్పాలి."

"చెప్పమ్మా."

"సెలవుల్లో నీ దగ్గరికి పంపిస్తానంది అమ్మ. నేను రాను. నీ మీద ఇంకా కోపంగానే ఉంది. ఈ కొత్త బడి కూడా నాకేం నచ్చలేదు, అయినా రాను. నువ్వు బాధపడినా సరే, చెప్పేస్తున్నా."

"సరేనమ్మా."

వెనక ఎక్కడో గిన్నెల చప్పుడు వినిపించింది.

"బాధపడ్డావా?"

లేదని చెప్పడం నాకు చాలా తేలిక. నోటిదాకా వచ్చింది కూడా.

"పడ్డాను. చాలా" అన్నాను.

"ఊఁ" అంది.

ఇంకేం మాట్లాడలేదు. ఫోను మాత్రం పెట్టేయలేదు. నేనూ పెట్టలేదు.